సీబీపీ కాగితం మీద రక్తం తీసిన గంట వేయండి

కార్డియాలజీ, జనరల్ మెడిసిన్ విభాగాల ప్రొఫెసర్లకు, పీజీల థీసిస్ గైడ్లకు, రెండు తెలుగు రాష్ట్రాల్లో ల్యాబులు నడిపేవారికి

నమస్కారం.

మీలో చాలామందికి నా ముఖం తెలియదు, గొంతు మాత్రం తెలిసే ఉంటుంది. "మేడమ్, 14వ బెడ్ సీబీపీ ఇంకా రాలేదు" అని రాత్రి రెండింటికి మీ హౌస్ సర్జన్ ఫోన్ చేస్తే అవతల ఎత్తేది నాలాంటివాళ్లమే. సీబీపీ అంటే రక్తకణాలన్నీ లెక్కపెట్టే పరీక్ష. నేను పెథాలజిస్టుని. ఇరవై రెండేళ్లుగా ఊదారంగు మూత ట్యూబుల మధ్య బతుకుతున్నాను. మొదట ప్రైవేటులో, ఇప్పుడు ఒక జిల్లా కేంద్రంలో. గుండెపోటు వచ్చిన మనిషిని నేను చూడను. అతని రక్తం రెండు మిల్లీలీటర్లు చూస్తాను, అంతే. ఆ రెండు మిల్లీలీటర్ల గురించే ఈ లేఖ.

బహిరంగంగా ఎందుకంటే, విడిగా చెప్పి చూశాను. "చూద్దాం మేడమ్" అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

పోయిన నెల ఒక రాత్రి పదిన్నరకి ల్యాబ్ కిటికీ దగ్గరికి ఒక అబ్బాయి వచ్చాడు. పాతికేళ్లుంటాయి. చేతిలో ఫోన్, అందులో బయట చేయించిన రిపోర్టు ఫొటో.

"మేడమ్, రక్తం డాక్టర్ గారు మీరేనా అండీ? ఈ ఎన్ఎల్ఆర్ అంటే ఏంటండీ?"

చూశాను. 9.2 అని ఉంది. పక్కన ఎర్ర అక్షరాల్లో 'హై రిస్క్'.

"నెట్‌లో కొట్టి చూశానండి. గుండెపోటు వచ్చినోళ్లకి ఇది ఎక్కువుంటే ఆసుపత్రిలోనే పోతారని ఉంది. అమ్మకి చెప్పలేదండి."

సాయంత్రం నుంచి ఆ అంకెను ఒక్కడే మోస్తున్నాడు. పైన వాళ్ల నాన్నకి బీపీ బాగానే ఉంది, ఆయాసం తగ్గింది, ఇడ్లీ కూడా తిన్నాడట. ఈ కుర్రాడు మాత్రం కారిడార్‌లో తిరుగుతూ మనసులో తండ్రికి కర్మకాండ మొదలుపెట్టేశాడు. నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగాను. ముందు రోజు రాత్రి అన్నం తిన్నాక, తొమ్మిది ప్రాంతంలో. రక్తం ఎప్పుడు తీశారు? మర్నాడు సాయంత్రం నాలుగింటికి. మధ్యలో ఎవరైనా ఇంజక్షన్ చేశారా? "మా ఊళ్లో డాక్టరు గారు రెండు వేశారండి. ఒకటి గ్యాస్‌కి, ఒకటి ఆయాసానికి."

ఊళ్లో డాక్టరు గారంటే ఆర్ఎంపీ అని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆయాసానికి వేసే ఇంజక్షన్లో డెక్సామెథాసోన్ ఉండే అవకాశం ఎంతో కూడా మీకు తెలుసు. పందొమ్మిది గంటల ఆలస్యం, బహుశా ఒక స్టెరాయిడ్, వాటిమీద ఒక గుండెపోటు. ఈ మూడూ కలిసి 9.2 అయ్యాయి. ఎర్ర అక్షరాల్లో పడింది మాత్రం ఒక్క మాటే.

ఈ లేఖ బయటివాళ్లూ చదువుతారు కాబట్టి మీకు తెలిసిందే ఒకసారి చెబుతాను. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ అని రెండు పెద్ద వర్గాలు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఎన్ఎల్ఆర్. న్యూట్రోఫిల్స్ 60 శాతం, లింఫోసైట్స్ 30 శాతం ఉంటే 2. అవి 85కి పెరిగి ఇవి 10కి పడితే 8.5. ఆరోగ్యంగా ఉన్నవారిలో సుమారు ఒకటి నుంచి మూడు మధ్య ఉంటుంది. మొదటిసారి ఈ పేరు విన్నప్పుడు మా టెక్నీషియన్ "నెల్లూరా మేడమ్?" అంది. రైల్వే వాళ్ల లెక్కలో నెల్లూరు స్టేషన్ కోడ్ ఎన్ఎల్ఆరే మరి. తర్వాత కోవిడ్ వచ్చింది. సీఆర్‌పీ, డి-డైమర్, సీటీ స్కోరులతో పాటు ఇదీ వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కింది. కోవిడ్ తగ్గినా ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి అలాగే ఉండిపోయింది. ఇప్పుడు మోకాళ్ల నొప్పికి సీబీపీ చేయించినా ప్రింటవుతోంది.

గుండెకు వెళ్లే నాళం మూసుకుపోగానే ఒంట్లో అడ్రినలిన్ ఎగుస్తుంది. అప్పటిదాకా నాళాల గోడలకు అతుక్కుని కూర్చున్న న్యూట్రోఫిల్స్ గోడ వదిలి ప్రవాహంలోకి దిగుతాయి. కొన్ని గంటల్లో ఎముకల మూలుగ నుంచి కొత్తవి, ఇంకా పూర్తిగా ముదరనివి కూడా బయల్దేరతాయి. మరోవైపు కార్టిసాల్ పెరిగి లింఫోసైట్స్ రక్తంలోంచి పక్కకు తప్పుకుంటాయి. అంటే భిన్నంలో పైది పెరుగుతుంది, కిందిది తగ్గుతుంది. చచ్చిన కండను ఎత్తిపోసేవి ఆ న్యూట్రోఫిల్సే, ఆ ఊపులో పక్కనున్న బతికిన కండను దెబ్బతీసేవీ అవే. చనిపోయిన కండ ఎంత పెద్దదైతే ఈ గోల అంత ఎక్కువ. కాబట్టి ఎన్ఎల్ఆర్ బాగా ఎక్కువున్నవాళ్లలో షాక్, హార్ట్ ఫెయిల్యూర్, ఆసుపత్రిలో మరణాలు ఎక్కువగా కనబడటంలో ఆశ్చర్యం లేదు. ఆ పరిశోధనలు తప్పని నేను అనడం లేదు.

దానికి చరిత్ర కూడా ఉంది. తెల్లకణాల సంఖ్యకూ గుండెపోటుకూ లంకె ఉందని 1974లోనే కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే రికార్డులు తిరగేసి ఫ్రీడ్‌మన్ బృందం రాసింది. 2001లో బ్రాటిస్లావాలో జహోరెట్స్ అనే ఐసీయూ వైద్యుడు న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తిని ఒంటిమీద పడ్డ ఒత్తిడికి కొలతగా వాడొచ్చన్నాడు. ఆయన చూసింది గుండె రోగులను కాదు, ఆపరేషన్లయి ఐసీయూలో పడ్డవారిని. ఆ తర్వాత ఐదారేళ్లకు ఇది కార్డియాలజీలోకి వచ్చింది, ఆపై వరద. టర్కీ నుంచి వచ్చినన్ని పేపర్లు ఇంకెక్కడినుంచీ రాలేదేమో అనిపిస్తుంది నాకు. ప్రమాదం మొదలయ్యే గీత, అంటే కటాఫ్, ఒకరు మూడు అంటారు, ఇంకొకరు ఐదు, మరొకరు ఏడు. దిశ మీద అందరికీ ఏకాభిప్రాయమే. గీత ఎక్కడ గీయాలో ఇద్దరికి కుదరదు.

ఎందుకు కుదరదో ల్యాబ్‌లో కూర్చుంటే తెలుస్తుంది. ఈ అంకె గంటగంటకూ మారుతుంది. నొప్పి మొదలైన గంటన్నరకి వచ్చినవాడి రక్తంలో లింఫోసైట్స్ ఇంకా ఉంటాయి, న్యూట్రోఫిల్స్ ఇంకా పూర్తిగా లేచి ఉండవు. పన్నెండు గంటలకు అదే మనిషిలో బొమ్మ తిరగబడుతుంది. రెండు మూడు రోజులకు మళ్లీ దిగుతుంది. మొదటి గంటన్నరలో 3 వచ్చిన పెద్ద గుండెపోటుకీ, పద్నాలుగో గంటలో 7 వచ్చిన చిన్న గుండెపోటుకీ ఏది ప్రమాదమో ఆ అంకెలు చూసి చెప్పగలరా? నేనైతే చెప్పలేను.

మనదేశంలో రోగులు ఎప్పుడొస్తారో మనకు తెలియనిది కాదు. 2008లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన క్రియేట్ రిజిస్ట్రీ, అంటే గుండె రోగుల వివరాల నమోదు, 50 నగరాల్లోని 89 ఆసుపత్రుల్లో ఇరవై వేలకు పైగా రోగులను లెక్కలోకి తీసుకుంది. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి పట్టిన మధ్యస్థ సమయం 360 నిమిషాలు. ఆరు గంటలు! అంటే సగం మంది అంతకంటే ఆలస్యంగా చేరారు. అదీ నగరాల్లోని ఆసుపత్రులకు. ఇప్పుడు ఏరియా ఆసుపత్రుల్లోనే గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇస్తున్నారు, 108 ఉంది, పరిస్థితి కొంత మారింది. అయినా తొమ్మిదింటికి నొప్పి వస్తే "గ్యాస్ అయ్యుంటుంది" అని సోడా తాగి, జీలకర్ర నమిలి, తెల్లారాక ఆర్ఎంపీ దగ్గరికెళ్లి, అక్కడినుంచి ఆటోలో మండలానికి, మండలం నుంచి ఇక్కడికి వచ్చేవాళ్లు మాకు ఇంకా రోజూ వస్తున్నారు. వాళ్ల ఎన్ఎల్ఆర్ ఎంత గుండె పోయిందో ఎంత చెబుతుందో, బస్సు ఎన్నింటికి దొరికిందో కూడా అంతే చెబుతుంది.

ఇక స్టెరాయిడ్. డెక్సామెథాసోన్ పడితే కొన్ని గంటల్లో న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్స్ పడిపోతాయి. గుండెపోటు చేసే పనే, ఏ గుండెపోటూ లేకుండా. ఇస్తాంబుల్‌లోనో వాలెన్సియాలోనో కటాఫ్ తేల్చినవారికి ఈ బెడద మనంత ఉండి ఉండదు. మన పీజీల థీసిస్ ప్రొఫార్మాలో సిగరెట్ అలవాటుకి గడి ఉంది, షుగర్‌కి ఉంది, బీపీకి ఉంది. ఊళ్లో పడ్డ ఇంజక్షన్‌కి గడి ఉన్న ప్రొఫార్మా నాకు ఇంతవరకు కనబడలేదు.

ఎర్రకణాల వైపు మరో అంకె ఉంది, ఆర్‌డీడబ్ల్యూ. కణాల సైజుల్లో తేడా ఎంతుందో చెప్పేది. మామూలుగా 11.5 నుంచి 14.5 శాతం. 2007లో హార్ట్ ఫెయిల్యూర్ ట్రయల్ ఒకదాని డేటాలో పదులకొద్దీ ల్యాబ్ విలువలను జల్లెడ పడుతుంటే, ఎవరూ పట్టించుకోని ఈ గడి మరణంతో గట్టిగా ముడిపడి బయటపడింది. మర్నాటి ఏడాది కొరొనరీ రోగుల్లోనూ కనబడింది. అక్కడి నుంచి గుండెపోటు పేపర్లలోకి వచ్చింది. ఇక్కడ నాకున్న ఇబ్బంది మన వంటింటి ఇబ్బంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఐరన్ లోపంలో ఆర్‌డీడబ్ల్యూ ముందే పెరుగుతుంది, కొన్నిసార్లు హీమోగ్లోబిన్ పడక ముందే. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడి బీ12 తగ్గినవాళ్లలోనూ పెరుగుతుంది. అరవై ఏళ్ల షుగర్ పేషెంటు, ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అమ్మ, గుండెపోటుతో వచ్చింది, ఆర్‌డీడబ్ల్యూ 17.8. ఇది గుండె ముందుచూపా, నలభై ఏళ్ల పళ్లెం చరిత్రా? స్లైడ్ మీద పెట్టి చూస్తే ఐరన్ లోపం గుర్తులైన పెన్సిల్ కణాలు, మధ్యలో తెల్లగా పాలిపోయిన చిన్న కణాలు కనిపిస్తాయి. స్లైడ్ ఎవరు అడుగుతున్నారు? అంకె చాలు కదా.

చిన్న లెక్క ఒకటి వేద్దాం. క్రియేట్‌లో ఎస్‌టీ పెరిగిన (ఈసీజీలో ఆ భాగం పైకి లేచిన) గుండెపోటు రోగుల్లో 30 రోజుల్లో మరణించినవారు 8.6 శాతం. సులువు కోసం వందమందిలో ఎనిమిది అనుకుందాం. మన అంకె ఆ ఎనిమిది మందిలో ఆరుగురిని పట్టుకుంటుందనుకోండి. బతికే 92 మందిలో మూడోవంతుకు కొంచెం పైన, 32 మందిని కూడా పొరపాటున పట్టుకుంటుందనుకోండి. ఇవి నేను లెక్క కోసం ఊహించిన అంకెలే, కానీ పత్రికల్లో 'మంచి సూచిక' అని అచ్చయ్యే స్థాయికి దూరమేమీ కాదు. మొత్తం 38 మందికి ఎర్ర అక్షరాలు పడ్డాయి. అందులో 32 మంది డిశ్చార్జి సమ్మరీ పట్టుకుని ఇంటికి వెళ్తారు. ఎర్ర అక్షరాలు పడని 62 మందిలో ఇద్దరు వెళ్లరు. కిటికీ దగ్గరికొచ్చిన అబ్బాయికి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. ఎర్ర రంగు ఒక్కటే అతనికి అందింది.

మీ చేతిలో ఇంతకంటే నమ్మకమైనవి ఉన్నాయి. 1967లో కిల్లిప్, కింబల్ అనే వైద్యులు 250 మంది గుండెపోటు రోగులను చూసి రాసిన వర్గీకరణకు ఒక స్టెతస్కోప్, ఒక బీపీ మిషన్ చాలు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నవారిలో మరణాలు 6 శాతం, షాక్‌లో ఉన్నవారిలో 81. ఆనాటి వైద్యంతో అనుకోండి. అయినా ఆ మెట్లు ఇప్పటికీ అలాగే నిలబడ్డాయి. ప్రమాదం ఎంతో లెక్కగట్టే గ్రేస్ స్కోరు ఉంది: వయసు, గుండె వేగం, పై బీపీ, క్రియాటినిన్, కిల్లిప్ తరగతి, ఈసీజీలో ఎస్‌టీ మార్పు, గుండె ఎంజైములు, వచ్చేసరికి గుండె ఆగిందా లేదా. అందులో రక్తకణాలు లేవు. కాబట్టి థీసిస్ అడగాల్సిన ప్రశ్న "ఎన్ఎల్ఆర్ మరణాన్ని సూచిస్తుందా?" అన్నది కాదు. అది తేలిపోయింది. "గ్రేస్ లెక్క వేశాక కూడా ఇది కొత్తగా ఏమైనా చెబుతుందా?" అన్నది అడగాలి.

ఏటా సెప్టెంబరు దాటాక మా ల్యాబ్‌కి పీజీలు వస్తారు. మంచి పిల్లలు, నిద్రలేని కళ్లు. "మేడమ్, పోయిన ఏడాది ఎంఐ (గుండెపోటు) కేసుల సీబీపీలు వంద కావాలి." ఇస్తాను. వాటిని కేస్ షీట్లతో జతచేసి, కటాఫ్ ఎంచుకోవడానికి వాడే ఆర్‌ఓసీ గీత గీసి, ఆ వందమందిలో బాగా పనిచేసే కటాఫ్ వెతికి, మళ్లీ ఆ వందమంది మీదే దాన్ని పరీక్షించి, 'పి విలువ 0.05 కన్నా తక్కువ', అంటే గణాంకాల గీత దాటింది అని రాస్తారు. జవాబు చూసి లెక్క చేస్తే లెక్క తప్పదు కదా. తప్పు పిల్లలది కాదు. సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) మీద సంతకం పెట్టింది మీరు. వందలో చనిపోయినవాళ్లు ఎనిమిదో పదిమందో ఉంటారు. ఆ పదిమంది మీద ఆరు వేరియబుల్స్ పెట్టి రిగ్రెషన్ చేస్తే వచ్చేది జోస్యమే. ఒకసారి ఒక అబ్బాయిని అడిగాను, "నాన్నా, ఈ శాంపిల్ గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్‌కి ముందు తీసిందా, తర్వాతదా?" అని. తలగోక్కున్నాడు. కేస్ షీట్లో లేదు. నా రిజిస్టర్లోనూ లేదు. మా మిషన్ కొట్టే రిపోర్టు మీద టైము ఉంటుంది, అది రక్తం మిషన్‌లోకి వెళ్లిన టైము. చేతిలోంచి తీసిన టైము కాదు. ఈసీజీ మీద నిమిషంతో సహా గంట పడుతుంది. రోగి గుమ్మం దాటినప్పటి నుంచి సూది పడేదాకా ఎన్ని నిమిషాలో మీరు ఆడిట్ చేస్తారు. సీబీపీకి మాత్రం పుట్టిన గంట లేదు.

ఆ గంట లేకపోతే ఏమవుతుందో నా తప్పుతోనే చెబుతాను. చాలా ఏళ్ల కిందట, నేను పనిచేసిన వేరే ఆసుపత్రిలో. యాభై దాటిన మనిషి, ముందరి గోడ గుండెపోటు. రాత్రి డ్యూటీలో మిషన్ ప్లేట్‌లెట్లు 38,000 అని చూపించింది. నేను ఇంట్లో ఉన్నాను, టెక్నీషియన్ ఫోన్లో చదివాడు, "పంపించెయ్" అన్నాను. డెంగీ సీజను, తక్కువ ప్లేట్‌లెట్లు మాకు రోజూ చూసే దృశ్యం. పైన డ్యూటీ డాక్టరు భయపడి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఆపాడు, క్లోపిడోగ్రెల్ మొదటి పెద్ద డోసు ఆపాడు. అతనిది తప్పు కాదు, నేనైనా అదే చేసేదాన్ని. ఉదయం వచ్చి స్లైడ్ వేసి చూశాను. స్మియర్ తోక చివర ప్లేట్‌లెట్లు గుత్తులు గుత్తులుగా, చీమలు బెల్లానికి మూగినట్టు. ఊదారంగు ట్యూబులో ఉండే ఈడీటీఏ కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లను ఇలా అతికిస్తుంది. శాంపిల్ ర్యాక్‌లో పడి ఉన్నకొద్దీ ఎక్కువ అతికిస్తుంది. మిషన్ గుత్తిని లెక్కపెట్టలేదు. నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీయించాను. 1,90,000 వచ్చింది, పలచబడిన లెక్కకు 1.1తో గుణిస్తే 2,09,000. ప్లేట్‌లెట్లకేమీ కాలేదు. ఆ మనిషికి దక్కాల్సిన మందు మాత్రం కొన్ని గంటలు ఆగింది. ఆ శాంపిల్ తీసి ఎంతసేపైందో ఆ రాత్రి అడిగి ఉంటే అనుమానం వచ్చేది. అడగలేదు.

అప్పటినుంచి ఎంపీవీ మీద పేపర్ చూస్తే నాకు మొదట గుర్తొచ్చేది ఆ ర్యాకే. ప్లేట్‌లెట్ల సగటు సైజు గుండెపోటులో పెరుగుతుందంటారు, పెద్ద ప్లేట్‌లెట్లు చురుకైనవంటారు. నిజమే కావచ్చు. కానీ ఈడీటీఏలో నానినా ప్లేట్‌లెట్లు ఉబ్బుతాయి. రాత్రి ఒంటిగంటకి తీసి ఉదయం ఎనిమిదింటికి నడిపిన శాంపిల్లో ఎంపీవీ పెరిగితే, అది జబ్బు తీవ్రతా, నైట్ డ్యూటీలో మనిషి లేకపోవడమా?

ఇంతసేపూ తిట్టానని సీబీపీ పనికిరాదని అనుకోకండి. అదే కాగితం మీద మీ చేతిని మార్చగల అంకెలున్నాయి, వాటికి ఏ భాగహారమూ అక్కర్లేదు. హీమోగ్లోబిన్. గుండె కండకు రక్తం అందక చస్తుంటే, అందే రక్తంలో కూడా ఆక్సిజన్ మోసే సరుకు సగమే ఉంటే ఏమవుతుంది? ఎప్పుడు రక్తం ఎక్కించాలన్న దాని మీద 2023లో మింట్ ట్రయల్ వచ్చింది. 3,504 మంది. హీమోగ్లోబిన్ ఏడెనిమిదికి పడ్డాక ఎక్కించిన గుంపులో 30 రోజుల్లో మరణం లేదా మళ్లీ గుండెపోటు 16.9 శాతం, పదికి తగ్గకుండా చూసిన గుంపులో 14.5. తేడా గణాంకాల గీత దాటలేదు, కానీ మొగ్గు ఎటో కనిపిస్తోంది. రక్తహీనత సర్వసాధారణమైన మన దగ్గర, రెండు యాంటీప్లేట్‌లెట్లు (ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చేసే మందులు) మొదలుపెట్టబోయే ముందు, 8.4 హీమోగ్లోబిన్ ఉన్న అమ్మకి ఎక్కడైనా రక్తం పోతోందా అని అడగడానికి అర నిమిషం పడుతుంది. వారం కిందట ఒక కేస్ షీట్లో ఎన్ఎల్ఆర్ చుట్టూ పెన్నుతో గుండ్రం చుట్టి ఉంది. దాని పైనున్న 7.9 హీమోగ్లోబిన్‌ని ఎవరూ తాకలేదు.

ప్లేట్‌లెట్లు కూడా అంతే. మొదటి రోజు అంకె కాదు, హెపారిన్ మొదలైన ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య సగానికి పడ్డాయా అన్నది చూడాలి. పడితే అది ముందస్తు సూచిక కాదు, మందు ఆపమని నేరుగా చెప్పే మాట. దానికి మొదటి రోజు అంకెను పక్కన పెట్టి చూసేవాళ్లు కావాలి.

తెల్లకణాలు 16,000 చూసి సెఫ్ట్రియాక్సోన్ రాసేవారితో కూడా ఒక మాట. గుండెపోటులో తెల్లకణాలు పెరుగుతాయి, కొద్దిగా జ్వరం కూడా వస్తుంది. మీరే మాకు పాఠం చెప్పారు. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు, మూత్రంలో ఏమీ లేదు, కల్చర్ పంపలేదు, యాంటీబయాటిక్ మాత్రం ఐదు రోజులు. ఎందుకని అడిగితే "కౌంట్ ఎక్కువుంది మేడమ్." ఇంకొందరు వాపు తగ్గించే కాల్చిసిన్ మందు దాకా వెళ్తున్నారు, వాపు తగ్గిస్తే మంచిదే కదా అని. 2019లో కోల్‌కాట్ ట్రయల్ ఆ ఆశ కల్పించింది: 4,745 మందిలో గుండె సంఘటనలు 7.1 నుంచి 5.5 శాతానికి తగ్గాయి. 2024లో ఇంకా పెద్దది, 7,062 మందితో క్లియర్ సినర్జీ వచ్చింది. మందు లేనివారిలో 9.3 శాతం, వాడినవారిలో 9.1. అంటే తేడా లేదు. ఆ రెండు ట్రయల్స్‌లోనూ ఎన్ఎల్ఆర్ చూసి రోగులను ఎంచుకోలేదు. ఎన్ఎల్ఆర్ ఎక్కువున్నవారికి ప్రత్యేకంగా ఇది పనిచేస్తుందన్న నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో రాసేవారే చెప్పాలి.

నేను అడిగేవి పెద్దవి కావు. ల్యాబ్ యజమానులారా, గుండె రోగి రిపోర్టు మీద ఎన్ఎల్ఆర్ పక్కన 'హై రిస్క్' అన్న మాట తీసేయండి. అంకె కావాలంటే ఇవ్వండి, తీర్పు ఇవ్వకండి. అటెండర్ చేతికి వెళ్లే కాగితం అది. గైడ్లు, సినాప్సిస్ మీద సంతకం పెట్టేముందు ప్రొఫార్మాలో మూడు గడులున్నాయో లేదో చూడండి: నొప్పి ఎన్నింటికి మొదలైంది, రక్తం ఎన్నింటికి తీశారు, మధ్యలో ఏ ఇంజక్షన్లు పడ్డాయి. అవి లేకుండా చేసిన వంద కేసులకంటే అవి ఉన్న ముప్పై కేసులు నాకు ముద్దు. కటాఫ్ తేల్చిన రోగులు వేరు, పరీక్షించే రోగులు వేరు ఉండేలా చూడండి. దానికి రెండు కాలేజీలు చేతులు కలిపితే చాలు, గ్రాంటులు అక్కర్లేదు. ఐసీసీయూ పెద్దలు, ఊదారంగు ట్యూబు మీద పేరుతో పాటు గంట రాయమని మీ స్టాఫ్ నర్సులకి మీరే చెప్పండి. నేను చెబితే వినరు, వాళ్లకి ఉన్న పనిలో వినకపోవడం సహజం కూడా.

ఇందుకోసం మా ల్యాబ్ తరఫున రెండు నెలల కిందట ఒక రబ్బరు స్టాంపు చేయించాను. 180 రూపాయలు. సీబీపీ కోసం వచ్చే ఫారం మీద గుద్దితే మూడు ఖాళీ గీతలు పడతాయి. మొదటి వారం అన్నీ ఖాళీగానే వచ్చాయి. నేను వెనక్కి పంపలేదు, రోగి ఆగకూడదు కాబట్టి. ఫోన్ చేసి అడిగి నేనే నింపుకున్నాను. విసుక్కున్నారు. ఇప్పుడు పదింటిలో నాలుగు నిండి వస్తున్నాయి. నిన్న వచ్చినదాన్ని ఫొటో తీసి పెట్టుకున్నాను. ఎవరో హౌస్ సర్జన్ కోడిగీతల చేతిరాత, పేరు లేదు:

"నొప్పి: రాత్రి 2.10. రక్తం: ఉదయం 9.40. ఊళ్లో ఇంజక్షన్లు: రెండు. పేర్లు తెలియవు. ఖాళీ సీసాలు తెమ్మని వాళ్ల తమ్ముణ్ణి పంపాం, రాగానే ఫోన్ చేస్తాను మేడమ్."

ఇట్లు,
ఒక జిల్లా ఆసుపత్రి పెథాలజిస్ట్